సగం తలకు మందు

రాజమౌళికి బట్టతల రావడానికి కారణం అత్తగారి ఊరి నీళ్లు. పెళ్లయిన ఏడాదే ఊడడం మొదలైంది. తర్వాత భార్యా పోయింది, జుట్టు మాత్రం తిరిగి రాలేదు. అందుకే జనగామ మందుల దుకాణంలో పనిచేసే బామ్మర్ది ప్రకాశ్ తన చేతిలో సీసా పెట్టినప్పుడు, దాన్ని తనకు రావలసిన నష్టపరిహారంగానే తీసుకున్నాడు.

"కొత్త మందు బావా. పొద్దున, మాపున రాయాలె. నూటికి అరవై మందికి మొలుస్తదట."

"తక్కిన నలభై మంది ఏం పాపం చేసిన్రు?"

"రాసి సూస్తెనే గద తెలిసేది!"

కొత్త విత్తనం ఏదొచ్చినా ముందు సగం చెలకలో వేసి చూడడం రాజమౌళి అలవాటు. మందునూ తలకు కుడి పక్కనే రాశాడు. వానాకాలం గడిచేసరికి ఆ పక్క నల్లగా, ఒత్తుగా మొలిచింది. ఎడమ పక్క సంగతి చూసేలోపే కేసముద్రం నుంచి పెళ్లిచూపుల కబురు వచ్చింది. జమున మగడు పోయాక కుట్టుమిషన్ మీద బతుకుతున్న మనిషి. ఆమె షరతు ఒకటే: వయసెంతైనా సరే, బట్టతల వద్దు. ఒంటరి వంటతో విసిగిన రాజమౌళికి ఇది తప్పితే మరో సంబంధం లేదు.

ఆ పొద్దున తలకు రుమాలు బిగించి నర్మెట్ట నుంచి బయలుదేరాడు. కేసముద్రంలో ముందు మంగలిని పట్టుకుని, కుడి జుట్టును ఎడమకు దువ్వించుకుని, ఆ తర్వాతే జమున ఇంటికి వెళ్లాలనుకున్నాడు. సకల జనుల సమ్మె వల్ల బస్సులు లేవు. జనగామలో రైలెక్కి కేసముద్రంలో దిగాడు. స్టేషన్ ముందే తెలంగాణ దీక్షా శిబిరం. నడిపేది జమున అన్న, పెళ్లిచూపులకు కబురు పంపిన కుమార్. ఆ రోజు నిరసన అరగుండు. మంగలి కత్తి నూరుకుని కూర్చున్నాడు గానీ, ఒక్క తలా ముందుకు రాలేదు.

"రాండ్రి అన్నా, టైంకు వచ్చిన్రు," అన్నాడు కుమార్, రైలు దిగిన కొత్త మనిషిని పోల్చుకుని. "అమరులకు మౌనం పాటిస్తున్నం, జర రుమాలు తియ్యుండ్రి."

తీయక తప్పలేదు. మౌనం ముగిసేసరికి కుమార్ కళ్లు తడిశాయి.

"చూసిన్రా! నర్మెట్ట నుంచి అరగుండు తోని వచ్చిండు రాజమౌళన్న! మీకేమో కత్తిని చూస్తెనే చెమటలు!"

యువకులు సిగ్గుపడి వరుస కట్టారు. రాజమౌళి మెడలో దండ, చేతిలో మైకు పడ్డాయి.

"గిది మందుతోని..." అని మొదలుపెట్టాడు. రోడ్డు మీద వంటావార్పు దగ్గర గంటె పట్టుకుని నిలబడ్డ జమున కనిపించింది. తనను చూసి నవ్వుతోంది. "గిది మనందరి కొట్లాట," అని ముగించాడు.

"గిసోంటి మనిషైతే నాకు సమ్మతమే," అంది జమున అన్నతో.

సాయంత్రం అరగుండ్లన్నీ నున్నగా పూర్తి చేశారు. రాజమౌళి కుడి పక్క పంటా పోయింది. "జుట్లు మొలిచినంక ముహూర్తం పెట్టుకుందాం," అన్నాడు కుమార్.

సమ్మెలో మందు సరుకు రాలేదు. సీసా అడుగున మిగిలింది రెండు పక్కలకూ చాలదని, రాజమౌళి దాన్ని పండే పక్కకే పోశాడు. శిబిరం తలలన్నీ నల్లబడ్డాక అన్నాచెల్లెళ్లు నర్మెట్ట వచ్చారు. రాజమౌళి తల కుడి పక్క నిండుగా ఉంది, ఎడమ పక్క నున్నగా ఉంది.

"మల్ల గొరిగించుకున్నవా అన్నా?" కుమార్ నోరు తెరిచాడు.

జమున పెదవి విరిచింది. "ఉద్యమం నాకు సుత ఉన్నది. పెండ్లి మాట్లాడనీకి వస్తున్నమని తెలిసి గూడ గొరిగించుకున్నోడు, రేపు నా మాటేమింటడు? గింత మొండోడు నాకొద్దు."

నిజం చెబితే బట్టతలోడు, చెప్పకుంటే మొండోడు. రాజమౌళి వాళ్లకు చాయ్ పోసి సాగనంపాడు.

"మందు పనిచేసిందా బావా?" అని అడిగాడు ప్రకాశ్ తర్వాతెప్పుడో.

"చేసింది. ఇగ ఆ ముచ్చట నా ముందట ఎత్తకు."

రాష్ట్రం వచ్చిన రోజున కూడా ఆ ముచ్చట అతని నోట రాలేదు.