నల్లగుట్టపల్లెలో సున్నా ప్రకంపనలు

భూమి కంపించే ముందు అనుమతి తీసుకోవాలన్న నిబంధన ఇంకా రాలేదు గానీ, కంపించిన తర్వాత రుజువు చూపాల్సిన బాధ్యత మాత్రం ప్రజలదేనని ప్రకంపనల నమోదు విభాగం స్పష్టం చేసింది. (భూమి బాధ్యత గురించి ఏమీ చెప్పలేదు.)

వెలిగొండల కింద నల్లగుట్టపల్లెలో ఆదిశేషమ్మ ఇంటి గోడ ఆ నెలలో నాలుగుసార్లు ఊగింది. పగులులో ఇప్పుడు అరచెయ్యి పడుతోంది. ఇల్లు ప్రమాదకరమని విభాగం రాసిస్తేనే కొత్త ఇళ్ళ జాబితాలో ఆమె పేరెక్కుతుంది. అందుకని కావలి నుంచి వచ్చిన పరిశీలకుడు నరేంద్రబాబును సచివాలయంలో పట్టుకుంది.

"అబ్బయా, పొద్దున కూడా ఊగినాది. గిన్నెలన్నీ కిందపడినాయి."

"ఎంత తీవ్రతమ్మా?"

"నాకేం తెలుసు? బయటికి ఉరికినా."

"అదే పొరపాటు. లోపలే ఉండి వీడియో తీసుంటే యాప్‌లో ఎక్కించేవాళ్ళం."

"మీ మిషను చూడు, అదే చెప్తాది."

సచివాలయం మూలన పెట్టిన ప్రకంపనల యంత్రం నిజాయితీగానే పనిచేసింది. మొదటి మూడుసార్లూ నమోదు చేసింది కూడా. దాంతో పైఅధికారి పద్మనాభయ్య గారు స్వయంగా విచ్చేసి, కింది నుంచి వచ్చే కుదుపులు యంత్రం పనికి ఆటంకం కలిగిస్తున్నాయని తేల్చారు. దాని కింద రెండు దూది పరుపులు వేయించారు. (ఒకటి చాల్లేదు.) ఆనాటి నుంచి పల్లెలో ప్రకంపనలు సున్నా.

ఆదిశేషమ్మ పరుపుల వంక చూసింది. ఆమె పడుకునేది చాప మీద.

"మా గోడ కింద కూడా ఒకటి వెయ్యండి సార్," అంది, అక్కడే కూర్చున్న పద్మనాభయ్య గారితో.

"గోడలు వేరే శాఖమ్మా."

అంతలో నేల గుర్రుమంది. బీరువాలు దడదడలాడాయి. పద్మనాభయ్య గారు చెప్పులైనా వేసుకోకుండా అందరికంటే ముందు రోడ్డెక్కారు. ఆదిశేషమ్మ ఇంటివైపు పరుగెత్తింది. గోడ వీధిలోకి కూలి ఉంది. మనవరాలు బిందు బడికెళ్ళింది కాబట్టి బతికింది. ఆ సంగతి రూఢి చేసుకున్నాకే ఆమె మళ్ళీ సచివాలయం దారి పట్టింది.

తిరిగి వచ్చేసరికి అధికారులిద్దరూ యంత్రాన్ని పరిశీలించి ఉన్నారు. సున్నా.

"మరి మీరెందుకు ఉరికినారు సార్?"

"టీ వేళయిందమ్మా," అన్నారు పద్మనాభయ్య గారు.

వారానికి నోటీసు వచ్చింది. ప్రకంపనలేవీ లేని సమయంలో సొంత గోడను వీధిలోకి పడగొట్టినందుకు ఆదిశేషమ్మ సంజాయిషీ ఇవ్వాలి. ఇక ఇల్లు ప్రమాదకరమని ధ్రువీకరించడం వీలుపడదు. పడిపోయే అవకాశమున్న గోడ ఏదీ అక్కడ లేదు.