అద్దాల గదిలో సర్వజ్ఞుడు

పనిచేసే చోట కెమెరాలు పెట్టారని తిట్టిపోసేవాళ్లకు దైవచింతన బొత్తిగా లేదని నేను ఘంటాపథంగా చెప్పగలను!

దేవుడికి నేను రేపు చేయబోయేది ఇవాళే తెలుసు. తలుచుకుంటే ఆపనూగలడు. మరి అలాంటప్పుడు ఆ పని చేసింది నేనెలా అవుతాను? మహామహా పండితులు దీని మీద జుట్టూ జుట్టూ పట్టుకున్నారు. మా అట్టపెట్టెల ఫ్యాక్టరీ మేనేజరు మాత్రం టీ చల్లారేలోపు తేల్చేశారు.

ఆయన అద్దాల గదిలో గోడ నిండా టీవీలు. ఎవరు ఆవులించారో, ఎవరు గోడకు చేరగిలబడ్డారో కూర్చున్నచోటే చెప్పేస్తారు. టేబుల్ మీద ఎర్ర స్విచ్ ఉంది. అది నొక్కితే మిషన్లన్నీ ఆగిపోతాయి. సర్వజ్ఞత్వం, సర్వశక్తి రెండూ ఒకే ఏసీ గదిలో! సాక్షాత్కారానికి ఇంకేం కావాలండీ?

ఇక స్వేచ్ఛంటారా, అదీ పుష్కలం. అట్ట కోసే మిషన్‌కి బ్లేడు మీద మూత ఉంటుంది. వేస్తే చేతికి భద్రం, పనికి ఆలస్యం. తీసేయమని మేనేజరు ఏనాడూ అనలేదు. వేసుకున్నవాణ్ని మైకులో పిలిచి, ఒంట్లో బాగాలేదా, ఇంటికెళ్లిపోతావా అని అందరూ వినేలా ఆప్యాయంగా అడిగేవారు, అంతే. మేమంతా ఇష్టపూర్వకంగా మూతలు తీసి మూలన పడేశాం.

పోయిన వారం మా బావమరిది చూపుడువేలు సగానికి తెగిపోయింది.

విచారణలో మేనేజరు ఏదీ దాచలేదు. మూత లేదని రోజూ చూస్తూనే ఉన్నానన్నారు. స్విచ్ చేతికందే దూరంలోనే ఉందనీ ఒప్పుకున్నారు.

"కానీ చెయ్యి పెట్టింది అతనే కదండీ. ఒకరి స్వేచ్ఛకి నేనెలా అడ్డొస్తాను?" అన్నారు.

ఎంత తేలిగ్గా తేలిపోయిందో చూశారా! అట్టలు ఎక్కువ కోసిన నెలలో శాలువా ఆయన భుజాల మీద పడింది. అప్పుడు మా స్వేచ్ఛ ఊసు ఎవరూ ఎత్తలేదు. వేలు తెగిన రోజున మాత్రం దాన్ని వెతికి తెచ్చి మరీ మా చేతిలో పెట్టారు. స్వయంకృతమని మావాణ్ని ఉద్యోగంలోంచి తీసేశారు కూడా.

తమ్ముడి చేతికట్టు చూసినప్పుడల్లా మా ఆవిడ ఏడుస్తోంది. నాకూ ఏడుపొస్తోంది, దాచడమెందుకు? నిన్న వాణ్ని ఓదార్చడానికి వెళితే, వాడే నన్ను ఓదార్చాడు.

"బాధపడకు బావా. పైవాడు అన్నీ చూస్తూనే ఉన్నాడు."

ఆ మాటతో నాకు మిగిలిన కాస్త ధైర్యమూ పోయింది.