క్యాంపులో గోల్‌కీపర్

2006 జూలై 16, ఆదివారం ఉదయం ఆరూ ఇరవైకి రేపల్లె ఫుట్‌బాల్ జట్టు గోల్‌కీపర్ షేక్ ఆరిఫ్ బాపట్ల నుంచి వచ్చిన తెల్ల సుమో ఎక్కి ఊరు దాటాడు. అదే రోజు సాయంత్రం నాలుగింటికి తెనాలిలో రేపల్లెకూ బాపట్లకూ ఫైనల్ ఉంది.

రేపల్లె క్లబ్బు కార్యదర్శి నరసింహం రిటైరైన డ్రిల్లు మాస్టారు. ఆ రోజుకు ఆయన ఒక పథకం రాసి గోడకు అంటించాడు. తొమ్మిదింటికి ఆటగాళ్లందరూ ఆయన ఇంట్లో ఇడ్లీ తినాలి. మధ్యాహ్నం రైలుకు తెనాలి చేరాలి. రెండింటికి మనిషికి రెండు అరటిపండ్లు. నాలుగింటికి గెలవాలి. ఈ చివరి అంశం గత నాలుగేళ్ల పథకాల్లోనూ ఉంది. నాలుగేళ్లూ ఫైనల్లో బాపట్లే గెలిచింది. ఈ ఏడు ఆరిఫ్ ఉన్నాడు. టోర్నమెంటు మొదలైనప్పటి నుంచి అతని మీద గోలు పడలేదు.

ఆరున్నరకు నరసింహం నడక ముగించుకుని ఇంటికి వచ్చాడు. భార్య పున్నమ్మ పొయ్యి తుడుస్తోంది.

"ఏవండీ, ఆరిఫ్ వచ్చి వెళ్ళాడు. క్యాంపుకి వెళ్తున్నాడంట. మీకు చెప్పమన్నాడు."

"క్యాంపేంటి?"

"ఏమో మరి. బాపట్ల ప్రభుదాసు గారు బండేసుకొచ్చి తీసుకెళ్తున్నారంట. ఇంకా ఏదో చెప్పాడు గానీ పాలు పొంగాయి."

"ఏం చెప్పాడో గుర్తు తెచ్చుకోవే!"

"పాలు పొంగాయంటున్నాగా."

"ఏడుస్తూ వెళ్ళాడా?"

"ఏడవడం దేనికి? నవ్వుతూనే వెళ్ళాడు. కొత్త చొక్కా కూడా వేసుకున్నాడు."

ప్రభుదాస్ బాపట్ల జట్టు కార్యదర్శి. నరసింహం కుర్చీలో కూర్చున్నాడు.

ఆ వారం రేపల్లెలో క్యాంపు అన్న మాటకు ఒకటే అర్థం. మండల పరిషత్తు అధ్యక్షుల ఎన్నిక దగ్గర పడింది. కొత్తగా గెలిచిన ఎంపీటీసీ సభ్యులను అవతలి పక్షం లాక్కోకుండా బండ్లలో ఎక్కించి, ఫోన్లు తీసుకుని, దూరంగా ఏదో హోటల్లో ఉంచుతారు. మేపుతారు. ఓటు వేసే రోజు పొద్దున నేరుగా ఆఫీసు మెట్ల మీద దించుతారు. దాని పేరు క్యాంపు.

నరసింహం సైకిలు తీసుకుని క్లబ్బు అధ్యక్షుడు బ్రహ్మయ్య ఇంటికి వెళ్లాడు. బ్రహ్మయ్యకు రైస్‌మిల్లు ఉంది. ఫుట్‌బాల్ గురించి ఆయనకు తెలిసింది తక్కువ. క్యాంపుల గురించి తెలియనిది తక్కువ. మూడు ఎన్నికల్లో ఆయన నడిపిన క్యాంపుల నుంచి ఒక్క సభ్యుడూ తప్పించుకోలేదు.

"గోల్‌కీపర్ని క్యాంపులో పెట్టారా!" అన్నాడు బ్రహ్మయ్య. ఆ గొంతులో కోపం కన్నా మెచ్చుకోలు ఎక్కువగా ఉంది. "ఇన్నేళ్ళూ మనకెందుకు తట్టలేదు మాస్టారూ ఇది?"

"వాడు అలాంటివాడు కాదండీ."

"ఎక్కేదాకా ఎవడూ అలాంటివాడు కాదు. పదండి, వాళ్ళ నాన్నని అడుగుదాం."

ఆరిఫ్ తండ్రి అబ్దుల్ షుకూర్ దర్జీ. ఇంటి ముందు గదే కొట్టు. వీళ్లిద్దరూ వెళ్లేసరికి ఆయన మిషను ఆపి లేచి నిలబడ్డాడు.

"షుకూర్ గారూ, మీవాడు క్యాంపుకి వెళ్ళాడంటగా?" అన్నాడు నరసింహం.

"అవునండి. అల్లా దయ. సంతోషంతో రాత్రంతా మాకు నిద్ర లేదండి."

నరసింహం, బ్రహ్మయ్య ఒకరినొకరు చూసుకున్నారు.

"ఖర్చులెవరివి?" అని బ్రహ్మయ్య అడిగాడు.

"మొత్తం వాళ్ళవేనండి. రైలు, హోటలు, భోజనం. పొద్దున్నే గుడ్లూ పాలూ, జీడిపప్పు, బాదంపప్పు కూడా పెడతారంట."

"బాదంపప్పా!" అన్నాడు బ్రహ్మయ్య. "నేను ఎంపీటీసీలకే పెట్టలేదు."

"ఎన్నాళ్ళుంచుతారు?" అన్నాడు నరసింహం.

"నలభై రోజులండి. బయటివాళ్ళని కలవనివ్వరంట. ఫోన్లు కూడా చేసుకోనివ్వరంట. చెప్పినట్టు వింటే ఉంచుకుంటారు, లేకపోతే పంపించేస్తారండి."

"మరి సాయంత్రం ఫైనల్ సంగతి?"

"వాడూ అదే బాధపడ్డాడండి. నేనే చెప్పాను. ఊరి మ్యాచ్ ఏటా వస్తుంది, ఇలాంటి పిలుపు మళ్ళీ రాదురా, వెళ్ళు అన్నాను. మాస్టారు గారిని అడిగినా అదే మాట అంటారని చెప్పానండి."

లోపలి నుంచి ఆరిఫ్ తల్లి జానీ బీ గొంతు వినిపించింది.

"అన్నయ్యగారూ! వాడు అన్నం ఎక్కువ తింటాడు. సిగ్గుపడకుండా అడిగి పెట్టించుకోమని మీరన్నా చెప్పండి. మీ మాటైతే వింటాడు."

వీధిలోకి వచ్చాక బ్రహ్మయ్య అన్నాడు. "ఇంటిల్లిపాదీ అటు మారిపోయారు."

ఎనిమిదీ నలభైకి మిల్లు వ్యాను బయలుదేరింది. అందులో పదిమంది ఆటగాళ్లు, నరసింహం, బ్రహ్మయ్య, ఒక గెల అరటిపండ్లు ఉన్నాయి. ఇడ్లీలు పున్నమ్మ ఇంట్లో ఉండిపోయాయి. కర్లపాలెం మీదుగా బాపట్ల చేరేసరికి పది దాటింది. ఒక ప్రైవేటు కాలేజీ గేటు ముందు తెల్ల సుమో ఆగి ఉంది. అందులో ఆరిఫ్ ఒక్కడే కూర్చుని ఉన్నాడు. వ్యానును చూసి చెయ్యి ఊపాడు.

"సార్! మీరందరూ వచ్చారా!" అన్నాడు.

"వచ్చాం. దిగి ఇందులో ఎక్కు. తెనాలి వెళ్దాం" అన్నాడు నరసింహం.

"నేనూ తెనాలికే సార్. ప్రభుదాసు సారు లోపల ఉన్నారు, ఆయన రాగానే..."

"ఆయన వెనకాల వస్తాడులే. ఎక్కు."

ఆరిఫ్ ఎక్కాడు. అందరూ తనను సాగనంపడానికి వచ్చారని అనుకున్నట్టు తర్వాత చెప్పాడు.

క్యాంపులో మనిషికి నోరు ఖాళీగా ఉండకూడదన్నది బ్రహ్మయ్య పద్ధతి. మాట్లాడనిస్తే ఆలోచిస్తాడు, ఆలోచిస్తే దిగుతానంటాడు. అందుకని ఆరిఫ్ "సార్, క్యాంపు..." అన్నప్పుడల్లా బ్రహ్మయ్య ఒక అరటిపండు ఒలిచి ఇచ్చాడు. కాకుమాను చేరేసరికి ఆరు పండ్లయ్యాయి. అక్కడ బ్రహ్మయ్య వియ్యంకుడికి ధాన్యం గోడౌను ఉంది. పదకొండుంబావుకు ఆరిఫ్‌ను అందులో కూర్చోబెట్టి తలుపుకు తాళం వేశారు.

"ఎందుకు సార్ తాళం?" అని లోపలి నుంచి ఆరిఫ్ అడిగాడు.

"నీ మంచికే. మూడున్నరకి నేరుగా గ్రౌండులో దించుతాం" అన్నాడు బ్రహ్మయ్య.

"మూడూ ఇరవై అయిదుకి నా రైలు సార్!"

"ఎక్కడికిరా రైలు?" అన్నాడు నరసింహం.

"గోవాకి సార్. తెనాలిలో ఎక్కి విజయవాడలో మారాలి. ఇండియా క్యాంపు సార్, జూనియర్ జట్టుకి. పున్నమ్మ గారికి మొత్తం చెప్పానుగా!"

ఆ తర్వాత తలుపు అవతలి నుంచి వివరాలు ఒక్కొక్కటిగా వచ్చాయి. శనివారం సాయంత్రం పిలుపు వచ్చింది. ఆరిఫ్ ఇంట్లో ఫోను లేదు కాబట్టి అతను చదివే కాలేజీకి చేశారు. ఆ కాలేజీలో హెడ్ క్లర్కు ప్రభుదాస్. రాత్రే ఒక మనిషితో ఆరిఫ్ ఇంటికి కబురు పంపాడు. వయసు రుజువుకు పదో తరగతి సర్టిఫికెట్టు అసలుది చూపించకపోతే క్యాంపులో చేర్చుకోరు. అది కాలేజీ బీరువాలో ఉంది. ప్రభుదాస్ తెల్లవారుజామున బావమరిది సుమో తీసుకుని రేపల్లె వచ్చి, ఆరిఫ్‌ను వెంటబెట్టుకెళ్లి, ఆదివారం నాడు ఆఫీసు తెరిపించి సర్టిఫికెట్టు వెతుకుతున్నాడు. ఆ సమయంలో వ్యాను వచ్చింది.

నరసింహం ధాన్యం బస్తా మీద కూర్చున్నాడు. ముప్ఫై ఏళ్లుగా ప్రతి ఆగస్టు పదిహేనున ఆయన క్లబ్బు జెండా కింద ఒకే ఉపన్యాసం ఇస్తున్నాడు. మన ఊరి నుంచి ఒక్కడు ఇండియాకు ఆడాలి, అందుకు ఏ త్యాగానికైనా క్లబ్బు సిద్ధం. త్యాగం ఏమిటని ముప్ఫై ఏళ్లలో ఎవరూ అడగలేదు.

"ఇండియాకి నూట పది కోట్ల మంది ఉన్నారు మాస్టారూ" అన్నాడు బ్రహ్మయ్య. "మనకి గోల్‌కీపర్ ఒక్కడే."

"ఒక హాఫ్ ఆడించి పంపిద్దాం సార్" అన్నాడు కెప్టెన్ రవిశంకర్.

"నాలుగింటి మ్యాచ్‌లో హాఫ్ ఆడి మూడూ ఇరవై అయిదు రైలు ఎట్లా ఎక్కుతాడ్రా?" అన్నాడు నరసింహం.

ఓటు పెట్టారు. అయిదుగురు ఇండియా అన్నారు, అయిదుగురు రేపల్లె అన్నారు. బ్రహ్మయ్య రెండు చేతులూ ఎత్తాడు. ఆయన ఓటు చెల్లదన్నారు.

నరసింహం తలుపు దగ్గరికి వెళ్లాడు. "నువ్వేమంటావురా ఆరిఫూ?"

"ఆడాలనీ ఉంది సార్, వెళ్ళాలనీ ఉంది. ముందు తాళం తీయండి సార్. ఆరు అరటిపండ్లు."

పన్నెండూ నలభైకి తాళం తీశారు. ఆరిఫ్ గోడౌను వెనక్కి పరిగెత్తాడు. తిరిగి వచ్చేసరికి నరసింహం వ్యానులో ముందు సీట్లో కూర్చుని ఉన్నాడు.

"నాలుగుసార్లు ఓడాం. అయిదోసారి మనకి కొత్తేం కాదు" అన్నాడాయన. "స్టేషన్‌కి పోనియ్."

తెనాలి స్టేషన్ చేరేసరికి రెండుంబావు. ఒకటో నంబరు ప్లాట్‌ఫారం మీద ప్రభుదాస్ సర్టిఫికెట్టు ఫైలు చంకలో పెట్టుకుని నిలబడి ఉన్నాడు. వెనక బాపట్ల జట్టు పదకొండుమంది ఉన్నారు. కుర్రాడు ఎక్కడికి పోయినా రైలు దగ్గరికి రాక తప్పదని ఆయన అంచనా వేశాడు.

"ఏం మాస్టారూ! దేశానికి ఆడబోయేవాణ్ణి ఎత్తుకుపోతారా?"

"ముందు మీరే ఎత్తుకుపోయారనుకున్నామండీ."

"నేనా? ఆదివారం పూట ప్రార్థన మానుకుని ఆఫీసు తెరిపించాను. ఎత్తుకుపోయేవాణ్ణయితే సర్టిఫికెట్టు ఎందుకు వెతుకుతానండీ?"

"పొరపాటైంది. కుర్రాణ్ణి పంపించేద్దాం. ఫైలివ్వండి."

ఫైలు ఇచ్చేలోపు బాపట్ల ఫార్వర్డ్ దావీదు అడ్డం వచ్చాడు. "సార్, వీడు వెళ్ళిపోతే మా సంగతేంటి? మేం గెలిచామంటే ఎవడు ఒప్పుకుంటాడు? కీపర్ లేడు కాబట్టి గెలిచారంటారు. వీడు ఆడాల్సిందే."

"వీడు ఆడడు" అన్నాడు నరసింహం.

"ఆడాలి."

ఆడించడానికి ఆరిఫ్‌ను తీసుకుపోయినవాళ్లు ఇప్పుడు ఆడనివ్వం అంటున్నారు. ఆడకుండా చేశారని పేరుపడ్డవాళ్లు ఆడితే తప్ప కదలం అంటున్నారు. ప్రభుదాస్ ఫైలును ఒక చంకలో నుంచి రెండో చంకలోకి మార్చాడు.

"మాస్టారూ, ఒక్క పెనాల్టీ. మా దావీదు కొడతాడు. పడితే, ఇండియా గోల్‌కీపర్ మీద బాపట్ల గోలు అని రాసుకుంటాం. పడకపోతే ఎవరికీ చెప్పం."

రెండూ నలభై అయిదుకు గూడ్సు షెడ్డు పక్కన రెండు గోతాలు పెట్టి, వాటి మధ్య ఎనిమిది అంగలు కొలిచారు. ఆరిఫ్ కొత్త చొక్కా విప్పి రవిశంకర్‌కు ఇచ్చాడు. రిక్షావాళ్లు, రెండు ఆటోల ప్రయాణికులు చుట్టూ చేరారు.

"దూకరా ఆరిఫూ!" అని రేపల్లె జట్టులో అయిదుగురు అరిచారు.

"దూకొద్దురోయ్! చెయ్యి విరిగిందంటే ఇండియా పోద్ది!" అని మిగతా అయిదుగురు అరిచారు.

"దావీదూ, మెల్లగా కొట్టరా! వాడి వేళ్ళు జాగ్రత్త!" అన్నాడు ప్రభుదాస్.

"మెల్లగా కొట్టేదానికి నేనెందుకు సార్, మీరే కొట్టండి" అన్నాడు దావీదు, కొట్టాడు. ఆరిఫ్ దూకాడు. బంతి గోతానికి తగిలి ఎగిరి షెడ్డు గోడకు కొట్టుకుంది. గోతాం లోపలి వైపు తగిలిందని బాపట్ల అంటుంది, బయటి వైపని రేపల్లె అంటుంది. గోతాం పడిపోయినందువల్ల ఈ విషయం నిర్ధారణ కాలేదు. ఆరిఫ్ వేళ్లు పదీ బాగానే ఉన్నాయని ఇరువర్గాలూ లెక్కపెట్టి అంగీకరించాయి. ప్రభుదాస్ ఫైలు ఇచ్చాడు.

మూడూ పదికి మైకులో ప్రకటన వచ్చింది. రైలు నలభై నిమిషాలు ఆలస్యం.

"మీరు గ్రౌండుకి పదండి" అన్నాడు నరసింహం. "మేం ఎక్కించి వస్తాం."

"ఎక్కిస్తారని నమ్మకమేంటండీ? పొద్దున అరటిపండ్లు పెట్టి తాళమేసినవాళ్ళు" అన్నాడు ప్రభుదాస్. "మీరు పదండి. మేం ఎక్కిస్తాం."

"మిమ్మల్ని నమ్మి వదిలితే ఇంకో పెనాల్టీ కొడతారు" అన్నాడు బ్రహ్మయ్య.

ఎవరూ కదలలేదు. రెండు జట్లూ ఆరిఫ్‌కు రెండు పక్కలా కూర్చున్నాయి. నాలుగింటికి ఇంకో ప్రకటన వచ్చింది. ఆలస్యం గంటా పది నిమిషాలు. దావీదు ఆరిఫ్‌కు టీ ఇప్పించాడు. బ్రహ్మయ్య ఆ టీ ముందు తాను రుచి చూశాడు.

రైలు నాలుగూ ముప్ఫై అయిదుకు వచ్చింది. ఇరవై ఒక్కమంది ఆటగాళ్లు, ముగ్గురు పెద్దలు కలిసి ఆరిఫ్‌ను జనరల్ పెట్టెలోకి తోశారు. నరసింహం కిటికీ దగ్గర నిలబడి ఏదో చెప్పాడు. ఇంజను కూతలో అది ఆరిఫ్‌కు వినపడలేదు. అతను తల ఊపాడు. మంగళవారం క్యాంపులో చేరినట్టు తండ్రికి కబురు వచ్చింది.

గ్రౌండులో రిఫరీ వరప్రసాదం నాలుగింటికి విజిలు ఊదాడు. నియమం ప్రకారం పావుగంట ఆగాడు. నాలుగుంబావుకు మళ్లీ ఊది, హాజరు కాని జట్టు ఓడినట్టని నివేదికలో రాసి, రెండు జట్లకూ వర్తింపజేసి, సంతకం పెట్టి సైకిలెక్కాడు. టోర్నమెంటు రికార్డులో 2006 విజేత గడి ఖాళీగా ఉంది. రన్నరప్ గడిలో రెండు పేర్లున్నాయి.