మూడు రోజుల చేబదులు

గురువారం పొద్దున గాజుల మూట కడుతూ మాబీ లెక్క వేసుకుంది. పదిహేను రోజుల్లో శింగనమలలో నాగరత్నమ్మ కూతురి పెళ్లి గాజులు. నలభై మంది ఆడవాళ్లు, ఎనభై చేతులు. ఏడాదికొకసారి తగిలే బేరం. అడ్డల్లా మూత్రంలో మంట. బస్సుల్లో తిరిగే మనిషి, దారిలో మరుగు దొరకదని నీళ్లు తాగదు మరి.

డాక్టరమ్మ ఐదు రోజులకు పది మాత్రలిచ్చింది. నాలుగింటికే మంట తగ్గింది. మంట తగ్గిందంటే బేరం తెగినట్టే; తెగినాక ఇంకా గీచి అడగడం మాబీ ఎరగదు. మిగిలిన ఆరూ దాచింది.

పక్కింటి రామాంజినమ్మ గోడ మీదుగా తొంగి చూసింది. "ఏమే మాబీ, నాకూ అదే మంట. ఆ మాత్రలు చేబదులియ్యి, మళ్లీ ఇస్తాలే."

"తీసుకోక్కా. ఆరుకి ఆరు రావల్ల."

వారానికి మంట తిరిగొచ్చింది. మాబీ గోడ దగ్గరికి పోయింది.

"యాడివే? రెండు నేను మింగితి, నాలుగు మా చెల్లెలికిస్తి. మాట తప్పుతానా? ఉండు." అని రామాంజినమ్మ వీధంతా తిరిగి ఆరు మాత్రలు తెచ్చింది. రెండు తెల్లవి, మూడు పచ్చవి, ఒకటి ఎర్రది.

"ఇవి వేరే కదక్కా?"

"లెక్క సరిపోయిందా లేదా?"

సరిపోయింది. మాబీ ఆరూ మింగింది. మూడో రోజుకు చలిజ్వరం.

అనంతపురం ఆసుపత్రిలో మూత్రం పరీక్షకిచ్చారు. కాగితం చూసి డాక్టరమ్మ నీరసంగా కళ్లు నులుముకుంది. "సగం మందేసి వదిలేస్తే, చావని పురుగు మొండిదై మిగులుతాది. ఇప్పుడు మాత్రలేవీ దీనికి పనిచేయవు. వారం ఈడే ఉండి సూదులేయించుకోవల్ల."

"రేపు పెళ్లి గాజులుండాయి మేడం!"

"పురుగు కిడ్నీ దాకా పోయినాది. నీ ఇష్టం."

మాబీ మంచమెక్కింది. ఎనభై చేతులూ ఇంకొక గాజులామెకు పోయినట్టే. సూది గుచ్చేందుకని నర్సు ఆమె గాజులు కూడా తీసేసింది.

సాయంత్రం పక్క మంచానికి ఒకామెను నడిపించుకొచ్చారు. పొట్ట పట్టుకుని వణుకుతున్న ఆమె పెళ్లికూతురి తల్లి, నాగరత్నమ్మే.

"గాజులు వారం వాయిదా ఏసినాం మాబీ. మా అక్క రామాంజినమ్మ నాలుగు మాత్రలిచ్చింది. భలే తగ్గె, మళ్లీ వచ్చె. నీకేమైందే?"

మాబీ వేళ్ల మీద లెక్క వేసుకుంది: ఆ నాలుగూ తనవే. బేరం చేజారలేదు, అంతవరకు మేలు. నర్సు రాగానే చెయ్యి చాపి, ఈసారి వారానికి ఎన్ని సూదులో ముందే అడిగి, ఒక్కటీ తగ్గించొద్దని చెప్పింది.

ఆమె జీవితంలో తగ్గించమని అడగని బేరం అదొక్కటే.