ఇస్తారి పక్కన కూర్చున్నామె

ఆ మంగళవారం ఉజ్వల అనుకున్నది చాలా చిన్న పని. తొమ్మిదింటికల్లా పాపను పడుకోబెట్టాలి. పదింటికల్లా అత్త భూదేవి ముఖానికి మేకప్ చేసి, మామతో పాటు ఫోటో స్టూడియోకి పంపాలి. పాప లేచేలోపు పప్పు పొయ్యి దిగాలి. ఇందులో ఏది తప్పినా ఏమవుతుందోనని పొయ్యి ముట్టించేటప్పటికే ఆమె లెక్కలు వేయడం మొదలుపెట్టింది. పాపకు తుమ్ము వచ్చినా న్యుమోనియా దాకా ఆలోచించే మనిషి మరి.

మామ ఇస్తారి బొగ్గు గనిలో ముప్ఫై నాలుగేళ్లు దిగి, ఎక్కి, ఇంకో రెండు నెలల్లో రిటైరవుతున్నాడు. పెన్షన్ కాగితాలకు భార్యాభర్తలు కలిసి దిగిన ఫోటో కావాలన్నారు ఆఫీసులో. ఆ ఫోటో ఫైలులో శాశ్వతంగా ఉంటుందని తెలిసిన దగ్గర్నుంచి భూదేవికి మనసు మనసులో లేదు. తను పోయాక కూడా ఆ ముఖమే ఉంటుందన్నమాట. అందుకే జీవితంలో మొదటిసారి కోడలి డబ్బా వైపు చూసింది.

ఆ డబ్బాకి ఒక కథ ఉంది. ఉజ్వలకు తొమ్మిదో తరగతి మధ్యలో బడి మాన్పించి పెళ్లి చేశారు. వాళ్లుండే మరాఠీ పట్నపు వాడ బాబుపేటలో ఇంటింటికీ కేబుల్ తీగ వచ్చి, కిరాణా కొట్ల ముందు క్రీము ప్యాకెట్లు తోరణాల్లా వేలాడుతున్న ఆ రోజుల్లో, మహిళా మండలి వాళ్లు పది రోజుల మేకప్ తరగతి పెట్టారు. ఉజ్వల పాపను ఒళ్లో వేసుకుని వెళ్లి నేర్చుకుంది. పడుచు ముఖానికి ఎవరైనా రంగు వేస్తారు, యాభై దాటిన ముఖాన్ని పట్టించుకునేవాళ్లే లేరు, మీరు అక్కడికి వెళ్లండి అని అక్కడ నేర్పిన విద్యా మేడమ్ చెప్పిన మాట ఆమె మనసులో నాటుకుపోయింది. గోల్ బజార్లో ఒక కోల్డ్ క్రీము, ఒక పౌడరు, ఒక కనుబొమ్మల పెన్సిలు, ఒక మెరూన్ లిప్‌స్టిక్ కొని బిస్కట్ డబ్బాలో పెట్టుకుంది. వచ్చే వారం బామ్నిలో భూదేవి అక్క సమ్మక్క మనవడి పెళ్లి. అక్కడి పెద్దాడవాళ్లు నలుగురు మేకప్ చేయించుకుంటామన్నారు. ఉజ్వల చేతికి అది మొదటి పని. అత్త పంపితేనే.

భూదేవి తన షరతు ముందే చెప్పింది. "నా ముఖం నలుగురిల నవ్వులపాలైతె నీ డబ్బా మోరీ నీళ్లల్ల పడుతది. మంచిగుంటె బామ్నికి నేనే తీస్కపోత."

కాబట్టి ఉజ్వల ఆచితూచి పని మొదలుపెట్టింది. ముందు కోల్డ్ క్రీము రాసి, చర్మం తాగేదాకా ఆగింది. పౌడరు చిటికెడే వేసి, తడి గుడ్డతో అద్దింది. ఎక్కువైతే అది ముడతల్లో చేరి పాత గోడకు సున్నం పగిలినట్టుంటుంది. లిప్‌స్టిక్‌ని నేరుగా రాయలేదు. వేలికి తీసుకుని పెదాలకు కాస్త అద్ది, వేలికి మిగిలింది బుగ్గల మీద పలచగా రుద్దింది. పలచబడిన కనుబొమ్మలకు పెన్సిల్‌తో ఒక్కో వెంట్రుక గీస్తుండగా ఉయ్యాలలో పాప కేరుమంది. పెన్సిలు ఒక్క గీత పైకి పోయింది. ఆ దెబ్బకు భూదేవి ఎడమ కనుబొమ్మ ఎదుటివాణ్ణి ఏదో అడుగుతున్నట్టు నిలబడిపోయింది.

"చూస్కో అత్తమ్మా," అని అద్దం ఇచ్చింది.

భూదేవికి సీసా అడుగుల్లాంటి కళ్లద్దాలు. అవి లేకుండా చూస్తే అద్దంలో పొగ తప్ప ఏమీ కనబడలేదు. పెట్టుకుని చూస్తే కళ్లద్దాలే కనబడ్డాయి, కనుబొమ్మలూ కళ్లూ వాటి వెనక దాక్కున్నాయి. ఇరవై ఏళ్లుగా ఆమెకు తన ముఖం సంగతి ఇంతే. "ఎప్పటి తీర్గనే ఉన్న," అని తేల్చేసి, పాలపిట్ట రంగు చీర కట్టుకుని, గాజులు తొడుక్కుంది. మణికట్టు మీద తేలు పచ్చబొట్టు గాజుల కింద నుంచి తొంగిచూసింది. చిన్నప్పుడు జాతరలో పొడిపించుకుంటూ చెయ్యి గుంజుకుంటే దాని తోక వంకర పోయింది. ఎలాగూ పెన్సిలు బయటికి తీశారు కదా అని ఇస్తారి కూడా మీసం ముందుకు చాపాడు. దానికీ నలుపు పడింది.

దుమ్ముకని భూదేవి రిక్షాలో ముఖం మీదికి కొంగు లాక్కుంది. స్టూడియోలో ఫోటోలు తీసే వినాయక్, ఆమె కళ్లద్దాల మీద లైటు మెరుస్తోందని వాటిని తీయించాడు. ఇంటికి రాగానే ఆమె పక్కింటి రాజక్క చూస్తే నలుగురికీ చెబుతుందని సబ్బుతో ముఖం కడిగేసుకుంది. ఆ విధంగా ఆ ముఖాన్ని ఉజ్వల, ఇస్తారి, వినాయక్ తప్ప నరమానవుడు చూడలేదు. ఫోటో శుక్రవారం ఇస్తానన్నాడు వినాయక్.

అయితే కడిగిన ఫోటో చూసుకుని అతను తెగ మురిసిపోయాడు. పెద్దది చేయించి, గురువారం పొద్దున్నే వీధి వైపు అద్దాల అరలో పెట్టి, దుకాణానికి తాళం వేసి, ఏదో పెళ్లి ఫోటోలకని ఊరు దాటి వెళ్లిపోయాడు.

కూరగాయలకు బయలుదేరిన రాజక్క ఆ అర ముందు ఆగింది. కూరగాయలు కొనకుండానే తిరిగి వచ్చింది. నల్లా దగ్గర ఉజ్వలను పక్కకు పిలిచింది.

"మీ అత్తకు చెప్పకు బిడ్డా. మీ మామ ఇంకొకామెతోని ఫోటో దిగిండు. స్టూడియో అద్దంల పెట్టిండ్రు."

"మా అత్తమ్మనే కావచ్చు పెద్దమ్మా."

"ముప్పై ఏండ్ల సంది మీ అత్తతోని కొట్లాడుతున్న, ఆమె ముఖం నాకెర్క లేదా? గీమె వేరే. నవ్వుతుంది గూడ."

ఆ ఆఖరి మాట దగ్గర ఉజ్వల తడబడింది. అత్త నవ్వడం ఆమె కూడా చూడలేదు. పైగా ఫోటో శుక్రవారం వస్తుందన్నప్పుడు గురువారమే అద్దంలో ఎలా ఉంటుంది? ఇది వేరే ఫోటో అయ్యుండాలి. మామ మీసం నల్లబడటం గుర్తొచ్చింది. ఆ నలుపు వేసింది తనే. కొత్త చొక్కా గుర్తొచ్చింది. ఇస్త్రీ చేసింది తనే. నెలకోసారి మామ ఎక్కే గడ్‌చాందూర్ బస్సు గుర్తొచ్చింది. అక్కడి సిమెంటు ఫ్యాక్టరీలో తన భర్త సుదర్శన్ పనిచేస్తాడు, అతనికని పచ్చడి కట్టి ఇచ్చేదీ తనే. అత్త సవతి సంసారానికి ఇన్నాళ్లూ పచ్చడి పంపానా అనుకుంటే ఏడుపొచ్చింది.

అదే సమయానికి చాయ్ కొట్టు దగ్గర ఇస్తారి పాత దోస్తు భూమన్న ఆయన్ను నిలదీశాడు. ఫోటోలో పక్కన ఆ సోకైన మనిషి ఎవరు అని. ముప్ఫై నాలుగేళ్లలో ఇస్తారిని ఎవరూ ఏ విషయంలోనూ అనుమానించలేదు. అంత సాదా మనిషి. ఈ కొత్త గౌరవం ఆయనకు చాయ్ కంటే వెచ్చగా తగిలింది. అవుననలేదు, కాదనలేదు. మీసం దువ్వుకుని, గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఊరుకున్నాడు.

ఆ మౌనం ఆయన కంటే ముందే బాబుపేట చేరింది. మధ్యాహ్నానికి ఫోటోలో ఆమెది రాజురా దగ్గరి పల్లె అని తేలింది. నాలుగింటికి గడ్‌చాందూర్‌లో ఆమెకు ఇల్లు కట్టేశారు. దీపాల వేళకు సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే కొడుకును కూడా ఇచ్చారు. ఆ కొడుకు గురించి చెప్పిన గుర్తులన్నీ సుదర్శన్‌వేనని ఎవరికీ తట్టలేదు. భూదేవికి చెప్పొద్దని ఇల్లిల్లూ తిరిగి చెప్పిన రాజక్క, శుక్రవారం పొద్దున మిగిలిన ఒక్క ఇంటికీ వచ్చి, భూదేవికే చెప్పి, ఎవరికీ చెప్పొద్దంది.

భూదేవి ఏడవలేదు. కళ్లద్దాలు కొంగుతో తుడుచుకుని పెట్టుకుంది. చెప్పులు వేసుకుంది. "నడువు," అని కోడలితో అంది. పాపను చంకనేసుకుని ఉజ్వల, వెనక రాజక్క, ఆ వెనక మరో ఆరుగురు ఆడవాళ్లు స్టూడియో ముందుకు చేరారు. తలుపుకు తాళం ఉంది. అరలో ఇస్తారి నల్ల మీసంతో కూర్చున్నాడు. పక్కన ఆమె.

భూదేవి అద్దానికి ముక్కు ఆనించి చాలాసేపు చూసింది. పై నుంచి కిందికీ, కింది నుంచి పైకీ.

"మంచిగనే ఉంది," అంది చివరికి. నిజాయితీగల మనిషి. "నాకన్న పదేండ్లు చిన్నదుంటది." అని ఇంకాస్త వంగి చూసి, ఒక్కసారిగా గొంతు పెంచింది. "గది నా చీర. నా చీర దానికిచ్చిండు. అగో, నా కమ్మలు గూడ."

సరిగ్గా అప్పుడే జేబులో రసీదు పెట్టుకుని, ఫోటోలు తీసుకుందామని ఇస్తారి వచ్చాడు. తొమ్మిది మంది ఆడవాళ్లు ఒక్కసారి తిరిగి చూస్తే పై కప్పు కూలిన గనిలో ఉన్నట్టనిపించింది ఆయనకు.

"ఎవరామె?" అంది భూదేవి.

"నా పెండ్లాం. ఇంకెవరు?"

"ఒప్పుకున్నడు," అంది రాజక్క వెనక్కి తిరిగి, దూరంగా ఉన్నవాళ్లకు కూడా వినపడేలా.

ఉజ్వల అప్పటిదాకా సవతి అత్త ముఖం చూడటానికి ధైర్యం చాలక తల వంచుకునే ఉంది. ఇప్పుడు చూసింది. ముందు ఆమెకు ముఖం కనబడలేదు. ఎడమ కనుబొమ్మ కనబడింది. ఏదో అడుగుతున్నట్టు ఒక్క గీత పైకి పోయి ఉంది. ఆ గీత తనది. పాప ఏడ్చినప్పటిది.

గుండెలోంచి ఒక బండ దిగి, దాని స్థానంలో ఇంకోటి ఎక్కింది. నిజం చెబితే ఇంతమందిలో అత్త నవ్వులపాలవుతుంది. డబ్బా మోరీలోకి, బామ్ని పెళ్లి గాలిలోకి. చెప్పకపోతే మామ ఈ ఫుట్‌పాత్ దాటి ఇంటికి రాలేడు. ఆమె పాపను ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుంది.

"అత్తమ్మా, గది నువ్వే. నేను చేసిన ముఖమే గది."

"మామను కాపాడనీకి అబద్ధమాడకు. నా ముఖం నాకు తెల్వదా?"

"తెల్వదు," అంది ఉజ్వల. అత్త మాటకు ఎదురు చెప్పడం అదే మొదలు. ఆ భయంలోనే చెయ్యి చాచి భూదేవి కళ్లద్దాలు తీసేసింది. ఆడవాళ్లు భూదేవినీ ఫోటోనూ, ఫోటోనూ భూదేవినీ మార్చి మార్చి చూశారు. ఒకరి తర్వాత ఒకరు "అవు" అన్నారు. రాజక్క అందరికన్నా ఆఖరున, బాకీ తీర్చినట్టు, అంది. కళ్లద్దాల్లేని భూదేవికి మాత్రం ఎదురుగా పొగే. తిరిగి పెట్టుకుంటే పరాయి మనిషే.

"చెయ్యి చూడు అత్తమ్మా. తేలు."

ఫోటోలో మోకాలి మీద పెట్టుకున్న చేతికి, గాజుల కింద, వంకర తోక తేలు ఉంది. భూదేవి దాన్ని చూసింది. తన మణికట్టు చూసుకుంది.

"నేను గింత మంచిగుంటనా?" అంది మెల్లగా. ఎవరినీ అడగలేదు ఆ మాట.

ఇస్తారి ఊపిరి పీల్చుకుని ఇంటి దారి పట్టబోయాడు. భూదేవి వెనక్కి తిరగకుండానే అడిగింది. "మరి చాయ్ కాడ భూమన్న అడిగినప్పుడు ఎందుకు సప్పుడు చెయ్యలే?"

ఇస్తారి జేబులోంచి రసీదు తీసి, మొదటిసారి చూస్తున్నట్టు తిప్పి తిప్పి చూడటం మొదలుపెట్టాడు.

కథ ఇక్కడితో ఆగితే బాగుండేది. సోమవారం గని ఆఫీసులో క్లర్కు ఫోటో చూశాడు, ఎదురుగా కళ్లద్దాలతో కూర్చున్న భూదేవిని చూశాడు, ఫైలులో ఇరవై ఏళ్ల కిందటి ఫోటో చూశాడు. మరాఠీలో మర్యాదగానే, అవ్వను పిలిచినట్టు చెప్పాడు, ఆజీ, ఇందులో ముగ్గురు ఆడవాళ్లు కనబడుతున్నారు, పెన్షన్ ఒక్కరికే వస్తుంది అని. కొత్త ఫోటో కళ్లద్దాలతో, రంగూ గింగూ లేకుండా దిగి తెమ్మన్నాడు.

పాపతో పక్కనే కూర్చున్న ఉజ్వల లేవబోయింది. ఈసారి మోరీ ఖాయమనుకుంది. భూదేవి ఆమె చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

"గా ఫోటోనే ఉంటది. పిల్లా, డబ్బా తియ్యి."

పాప కోసమని తెచ్చిన పాలసీసాల సంచిలోంచి, ఎందుకైనా మంచిదని వేసుకొచ్చిన డబ్బా బయటికొచ్చింది. ఆఫీసు వరండాలో బల్ల మీద, క్లర్కూ ప్యూనూ నిలబడి చూస్తుండగా, క్రీమూ చిటికెడు పౌడరూ వేలి కొస లిప్‌స్టిక్కూ పడ్డాయి. కళ్లద్దాలు దిగాయి. ఎడమ కనుబొమ్మ దగ్గరికి వచ్చేసరికి ఉజ్వల ఆగి, ఫోటో చూసుకుని, గుర్తు తప్పకుండా ఒక్క గీత పైకే లాగింది.

క్లర్కు చాలాసేపు చూశాడు. సంతకం పెట్టాడు. కానీ చట్టం చట్టమే కాబట్టి, ఏటా నవంబరులో బతికే ఉన్నట్టు చూపించుకోవడానికి వచ్చేటప్పుడు ఆజీ ఫోటోలో ఉన్నట్టే రావాలని, లేకపోతే గుర్తుపట్టడం తన వల్ల కాదని చెప్పాడు.

ఇంటికి రాగానే భూదేవి ఆ బిస్కట్ డబ్బాను పెన్షన్ కాగితాలతో పాటు బీరువాలో పెట్టి తాళం వేసింది. మోరీకి అందనంత ఎత్తులో. బామ్ని పెళ్లికి తీసి తనే మోసుకెళ్లింది. సమ్మక్క ఇంట్లో నలుగురనుకున్నవాళ్లు పదకొండు మందయ్యారు. రాజక్క మాత్రం పెళ్లిదాకా ఆగలేదు. తన మొగుడి రిటైర్మెంటుకు ఇంకా ఆరేళ్లున్నా, ఫోటో ముందే దిగి పెట్టుకుంటే మంచిదని ఆ సోమవారం సాయంత్రమే వచ్చి కూర్చుంది.

ఇక ఇస్తారిని చాయ్ కొట్టు దగ్గర ఎవరైనా అడిగితే, తనకు ఒక్కతే భార్య అని ఇప్పటికీ చెబుతాడు. కాకపోతే, కాస్త ఆగి చెబుతాడు.