తామర పురుగు రెక్కలు చూశారా?

మిరప రైతుకు ఇప్పుడు కావలసింది మందూ కాదు, మద్దతు ధరా కాదు. తామర పురుగు రెక్క ఎలా ఆడుతుందో కళ్ళారా చూడటం! నవ్వకండి. రెండెకరాల మిరప వేసినవాణ్ణి, స్వయంగా చూసి వచ్చి చెబుతున్నాను.

మూడు వారాల కిందట వినుకొండ దగ్గర మా ఊరికి సిటీ నుంచి ఒక బృందం వచ్చింది. ఏసీ ఉందని కల్యాణ మండపంలో దిగారు. వాళ్ళు తెచ్చిన వర్చువల్ రియాలిటీ కళ్ళద్దాలు పెట్టుకుంటే చాలు, నలుసంత పురుగు దున్నపోతంతై గాల్లో తేలుతుంది. అది రెక్కా? సన్నటి పుల్లకు రెండువైపులా వెంట్రుకలు!

"ఒక్కో వెంట్రుకా విడిగా గీశానండి, ఎనిమిది నెలలు పట్టింది" అన్నాడు బొమ్మ గీసిన జయదేవ్. నాకు గౌరవం కలిగింది. మా పురుగును అంత శ్రద్ధగా చూసినవాళ్ళు ఇంతవరకూ ఎవరున్నారు?

మిరప పువ్వును అరచేతిలో దులిపి పురుగులు లెక్కపెట్టడం మా అలవాటు. మా బాపయ్య బాబాయ్ అద్దాలు పెట్టుకుని, అలవాటు కొద్దీ గాల్లోనే చెయ్యి చాచి దులిపాడు.

"ఎన్నున్నయ్ బాబాయ్?" అన్నాను.

"ఒకటేరా. ఈ ఏడు గండం గడిచినట్టే" అన్నాడు తృప్తిగా. రూపాయి మందు లేకుండా ఇంత మనశ్శాంతి ఏ కంపెనీ ఇస్తుంది చెప్పండి? వచ్చే ఏడు గులాబీ పురుగు రెక్కలు చూపిస్తారట. పత్తి రైతులు అంతవరకూ ఓర్చుకోలేకపోతున్నారు.

మధ్యలో కౌలు రైతు మల్లేశ్వరి వచ్చింది. చేతిలో ముడుచుకుపోయిన మిరప కొమ్మ. పువ్వు దులిపితే అరచెయ్యంతా పురుగులే.

"ఏం కొట్టమంటారండీ? వారం ఆగితే పూతంతా రాలిపోద్ది. ఒక్కసారి చేలోకి రండి."

బృందం వెంట వచ్చిన వ్యవసాయ అధికారి ఓపికగా చెప్పారు. "చేలోకి ఎందుకమ్మా, ఇక్కడ ఇంకా స్పష్టంగా కనపడుతుంది. ఆ కొమ్మ బయట పెట్టిరా, ఈ అద్దాల మిషన్ మీద పురుగులు పడతాయి."

నిజమే కదా, ఖరీదైన మిషన్! ఆమె కొమ్మను బయట పెట్టి వచ్చి, వరసలో నిలబడి అద్దాలు పెట్టుకుంది.

నిన్న వాళ్ళు మళ్ళీ వచ్చారు, మా అభిప్రాయాలు రాసుకోవడానికి. రెక్కల కదలిక సహజంగా ఉందా అని మల్లేశ్వరినీ అడిగారు.

"అచ్చం అట్టాగే ఉందండీ" అంది ఆమె. "మొన్న నా చేలోంచి పక్క చేలోకి అట్టాగే ఎగిరి పోయినయ్. నా దాంట్లో ఇక తినడానికి ఏం మిగల్లేదుగా."