ఓటీపీలో కనిపించిన కొండ

కొండను కళ్లతో చూస్తారనేది పాతకాలపు అపోహ. ఈ రోజుల్లో ఏ కొండనైనా ఓటీపీతోనే చూడాలి. ఈ సత్యం తెలుసుకోవడానికి మిర్యాలగూడ రైస్ మిల్లు యజమాని కృష్ణమూర్తి జార్జియా దేశందాకా వెళ్లి, కారులో కొండలెక్కి, వారం రోజులు వానలో తడవాల్సి వచ్చింది.

కృష్ణమూర్తికి జీవితంలో ఒకే ఒక సిద్ధాంతం ఉంది: ఏదైనా సీజన్ కానప్పుడే కొనాలి. కూలరు చలికాలంలో, రగ్గు రోహిణి కార్తెలో. అంతెందుకు, సూర్యాపేటలో ఫంక్షన్ హాలు సగం కిరాయికే ఇస్తారని పెండ్లి కూడా ఆషాఢంలోనే చేసుకున్నాడు. (పురోహితుడు కూడా ఆ నెలంతా ఖాళీయే.) ఆ రోజు కురిసిన వానకు పెండ్లి ఫొటోలన్నింటిలో ఆండాళు మొహానికి అడ్డంగా గొడుగే పడింది. ఏడుస్తున్న పెండ్లికూతురిని ఊరడించడానికి ఆయన ఒక మాట ఇచ్చాడు: "నిన్ను మంచుకొండ కాడికి తీస్కపోత. ఒట్టు."

ఆ మాటకు పాతికేళ్లు నిండాయి. ఆయన మర్చిపోయాడు. ఆండాళు మర్చిపోలేదు.

అలా కోదాడలోని మేఘమాల ట్రావెల్స్‌కు పోవాల్సి వచ్చింది. దాని ఓనరు సురేష్ మాట తేనెలాగా ఉంటుంది.

"సీజన్‌లో అయితే జనం తోసుకుంటారంకుల్, కొండ సరిగ్గా చూడనివ్వరు. ఇప్పుడైతే కొండంతా మీదే. కాస్త చినుకులు పడతాయి, అంతే."

"వానకు మనం భయపడ్తమా? సగం రేటేనా?"

"అంతకన్నా తక్కువే అంకుల్."

ఇంకేముంది, సురేష్ చూపిన చోటల్లా కృష్ణమూర్తి సంతకం పెట్టేశాడు. ఆ కాగితాల్లో 'దర్శన నిబంధనలు' అని ఒక భాగం ఉంది. కారు వ్యూపాయింట్‌కు చేరుటయే దర్శనము. మబ్బు, వాన, పొగమంచు కొండలో అంతర్భాగములుగా పరిగణింపబడును. ప్రతి వ్యూపాయింట్ వద్ద కొండను చూచినట్లు యాప్‌లో ఓటీపీ ద్వారా ధ్రువీకరించవలెను. ధ్రువీకరించనిచో ఆ రాత్రి హోటల్ గది తెరువబడదు.

ఓటీపీ మాత్రం కృష్ణమూర్తి నంబరుకే వస్తుంది. రోమింగ్ దండగని ఆ ఫోన్‌ను ఆయన మిల్లు వాచ్‌మన్ మల్సూర్ చేతిలో పెట్టి, ఆండాళు ఫోన్లో అక్కడి చవక సిమ్ వేయించుకొని బయల్దేరాడు. (తెలివికి ఈయన దగ్గర మాత్రం అన్ని కాలాల్లోనూ సీజనే.)

మొదటి వ్యూపాయింట్‌లో డ్రైవరు గియోర్గి కారు ఆపి, "మౌంటెన్!" అని గర్వంగా చెయ్యి చాపాడు. చాపిన వైపు అంతా తెల్లగా ఉంది. మిగతా మూడు వైపులా కూడా అంతే తెల్లగా ఉంది.

"యాడున్నది?" అంది ఆండాళు.

"గా తెలుపు ఎనకాల."

యాప్‌లో 'చూశాను', 'చాలా బాగా చూశాను' అని రెండే జవాబులున్నాయి. కృష్ణమూర్తి కాస్త వినయంగా మొదటిది నొక్కి, మల్సూర్‌కు ఫోన్ కలిపాడు.

"మల్సూరూ, నా ఫోన్ల మెసేజ్ వచ్చిందా సూడు."

"వచ్చింది సేటు. గుట్ట కనవడ్డదా?"

"నువ్వు అంకెలు సెప్పు."

రెండో వ్యూపాయింట్‌లోనూ అంతే, మూడోదాంట్లోనూ అంతే. అక్కడ ఏమీ కనిపించకపోయినా, మిర్యాలగూడలో మాత్రం యాత్ర దిగ్విజయంగా సాగింది. ఓటీపీ రాగానే మల్సూర్ మిల్లు ముందటి చాయ్ కొట్టుకు పోయి, "మా సేటు ఇంకో గుట్ట సూసిండు" అని ప్రకటించేవాడు. అయిదోదాని దగ్గర మాత్రం ఫోన్ ఎత్తలేదు. దామరచర్లలో దావత్‌కు పోయాడట, ఫోన్లు మిల్లులో చార్జింగ్‌కు పెట్టి. మల్సూర్ తిని వచ్చేదాకా భార్యాభర్తలిద్దరూ కారులో వణుకుతూ కూర్చున్నారు. ఆండాళు కిటికీ అద్దం తుడుస్తూ బయటి తెలుపునే చూస్తోంది. తిట్టినా బాగుండేదని కృష్ణమూర్తికి మొదటిసారి అనిపించింది.

ఇక మిగిలింది ఆరోది, ఆఖరిది.

"గిదన్న కనవడ్తదా?" అంది ఆండాళు.

"సగం రేటు కట్టినం గదా, సగమన్న కనవడదా?" అన్నాడు నవ్వించాలని. ఆమె నవ్వలేదు. ఆయనకు సిగ్గేసింది. ఈ ఒక్కసారి కొండ కనబడితే చాలు, ఇక జన్మలో అన్నీ సీజన్‌లోనే కొంటానని లోలోపల మొక్కుకున్నాడు. (ఈ మొక్కు కూడా ఆఖరి రోజునే గుర్తొచ్చింది.)

ఆమె కారు దిగి రెయిలింగ్ దగ్గరికి నడిచింది. ఆయన వెనక సీట్లోనే ఉండి, ఫోన్ చెవికి పెట్టుకున్నాడు.

"ఏమండీ! ఇటు సూడుండ్రి! మబ్బు ఇడిసింది!"

"జర ఆగు, రెండంకెలైనయ్!"

"అయ్యో, ఎంత తెల్లగున్నదో! జల్ది రాండ్రి!"

"మల్సూరూ, మూడోది ఆరా, ఎనిమిదా?"

"కండ్లద్దాలు లోపట్నే మర్సిన సేటు. తెస్తా ఆగు."

ఎనిమిదే. నాలుగోది కూడా కొట్టి, చెప్పులు జారుతున్నా లెక్కచేయక పరుగెత్తాడు. ఎదురుగా అంతా తెల్లగా ఉంది, ఎప్పటి తెలుపే.

ఆండాళు ఇంకా అటే చూస్తోంది. చెంపలు తడిగా ఉన్నాయి. వాన అప్పటికే ఆగిపోయింది.

"ఎట్లున్నది?" అన్నాడు మెల్లగా.

"ఏం సెప్పాలె," అంది. కొంగుతో చెంపలు తుడుచుకొని, "పక్కన మీరుంటరనుకున్న," అంది.

చేతిలో ఫోన్ మోగింది: 'అభినందనలు! మీరు కొండను చూశారు.' అవతల మల్సూర్ ఇంకా లైన్లోనే ఉన్నాడు. "ఇగ ఖతమా సేటు? అన్ని గుట్టలు సూసినట్టేనా?"

"సూసినట్టే," అన్నాడు కృష్ణమూర్తి.

ఊరికి వచ్చిన వారానికి, కృష్ణమూర్తి ఆరు చోట్లా కొండను చూసినట్టు ధ్రువపత్రం వచ్చింది, బంగారు రంగు అంచుతో. దాన్ని చూడలేక ఆయన కోదాడ పోయి, ఆ పేరు కొట్టేసి ఆండాళు పేరు రాసివ్వమని సురేష్‌ను బతిమాలాడు.

సురేష్ కంప్యూటర్లో చాలాసేపు వెతికి, నొచ్చుకుంటూ చెప్పాడు.

"కుదరదంకుల్. ఆంటీ గారు కొండను చూడలేదండి."